ఖాళీ జాగాలో గీత

నందిగామ రిజిస్ట్రారు ఆఫీసు వసారాలో ఇరవై ఏళ్ళు దస్తావేజులు రాశాను. ఆ తాలూకా మొత్తంలో నా అంత తెలివితక్కువ రైటరు ఇంకొకడు లేడని ధైర్యంగా చెప్పగలను. ఋజువు కూడా ఉంది. కాగితం మీద, నా చేతిరాతతో, పక్కన నా పొడి సంతకంతో. అంత పక్కా ఋజువు నా జీవితంలో ఇంక దేనికీ లేదు.

నా పేరు వరప్రసాదరావు. మిషను బడిలో దొరసానమ్మ వేళ్ళ కణుపుల మీద బెత్తంతో కొట్టి కొట్టి నేర్పిన గుండ్రటి రాత నాది. వీరులపాడు నుంచీ, పరిటాల నుంచీ జనం బండ్లు కట్టుకుని వచ్చి, మిగతా రైటర్లని దాటుకుని నా బల్ల ముందు కూర్చునేవాళ్ళు. దాంతో నా కళ్ళు నెత్తికెక్కాయి. సంతకం రాక వేలిముద్ర వేసేవాళ్ళంటే నాకు మహా చులకన. వాళ్ళ ఎడమ బొటనవేలు పట్టుకుని, సిరాకి అద్ది, కాగితం మీద పెట్టిస్తూ, అట్లా వత్తకయ్యా, దొర్లించు, పేడ అలుకుతున్నావా అని నలుగురిలో విసుక్కునేవాణ్ణి. వాళ్ళు పాపం నవ్వి ఊరుకునేవాళ్ళు. నేనేమో అదంతా నా గొప్పే అనుకునేవాణ్ణి.

దస్తావేజు రాతలో ఒక నియమం ఉంది. కాగితం మీద ఖాళీ జాగా వదలకూడదు. ఈవేళ వదిలిన ఖాళీలో రేపు ఎవడో ఒక ముక్క ఇరికిస్తాడు, ఎకరం కాస్తా రెండెకరాలవుతుంది. అందుకని వాక్యం ఎక్కడ ఆగితే అక్కడినుంచి అంచుదాకా అడ్డగీత గీసి, పక్కన పొడి సంతకం పెడతాం. ఇరవై ఏళ్ళలో అది నా చేతికి ఎంత అలవాటైపోయిందంటే, పెళ్ళి శుభలేఖలో ఖాళీ కనిపించినా, పిల్లల నోటు పుస్తకంలో అర పేజీ కనిపించినా కలం దానంతటదే వెళ్ళేది. మా ఆవిడ జయమణి వాళ్ళమ్మకి రాసుకున్న ఉత్తరం కింద కూడా ఒకసారి గీత గీసి సంతకం పెట్టాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో తిరుపతిరావు అనే బీమా ఏజెంటు జగ్గయ్యపేట నుంచి వారానికొకసారి బస్సులో వచ్చి మా వసారాలో కూర్చునేవాడు. నెమ్మదస్తుడు. ఆ ఏడు అతను తెచ్చింది ప్రమాద బీమా. ఆ దరఖాస్తులో మూడు గళ్ళు ఉండేవి. ప్రమాదంలో మనిషి పోతే ఇంటివాళ్ళకి ఇంత అని మొదటిది. కాలో చెయ్యో కన్నో పూర్తిగా పోతే ఇంత అని రెండోది. మనిషీ ఉండి, కాలూ చెయ్యీ ఉండి, దెబ్బ తగిలి పనికి పోలేకపోతే, కోలుకునేదాకా వారానికి ఇంత అని మూడోది. ఆ మూడోదానికి కొంచెం ఎక్కువ కట్టాలి. అందులో ఎంత రాయాలనేది మన సంపాదనని బట్టి ఉంటుందని తిరుపతిరావు ఓపిగ్గా చెప్పేవాడు.

ఆ రోజు ఇంటి స్థలం కాగితం రాయించుకోవడానికి పుల్లయ్య వచ్చి ఉన్నాడు. బావులు తవ్వించే మేస్త్రీ, మా చర్చి సంఘంవాడే, నాకన్నా పదేళ్ళు పెద్ద. అక్షరం ముక్క రాదు. మా మెట్టలో బావి తవ్వడమంటే మట్టి తియ్యడం కాదు, రాయి పేల్చడం. అతను తిరుపతిరావు మాటలన్నీ విని, తాపీగా దగ్గరకి జరిగి కూర్చున్నాడు.

"చస్తే సంగతి సరేనయ్యా, చూట్టానికి నేనుండను గదా. చావకుండా మంచాన పడితే ఎట్టా? నా కూడూ నా వాళ్ళ కూడూ ఎవరు పెడతారు?" అన్నాడు.

దానికే ఈ మూడో గడి అన్నాడు తిరుపతిరావు. ఇక పుల్లయ్య అతన్ని వదల్లేదు. ఎన్ని వారాలిస్తారు? ఎక్కువలో ఎక్కువ ఏడాది. జ్వరమొచ్చి పడుకుంటే ఇస్తారా? ఇవ్వరు, దెబ్బ తగలాలి. దెబ్బ తగిలిందని ఎవరు చెప్పాలి? డాక్టరు కాగితం రాయాలి. నాటుకట్టు కట్టేవాడు చెబితే చాలదా? చాలదు. పొల్లుపోకుండా ఒక్కొక్క మాటా మళ్ళీ చదివించుకున్నాడు. గంట పట్టింది. అడిగిందే అడుగుతుంటే నేను పక్క రైటరుకి కన్ను కొట్టి, ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అని సామెత కూడా విసిరాను. పుల్లయ్యకి వినిపించింది. వినిపించాలనే అన్నాను. అతను వేలిముద్ర వేసి, ఈసారి దొర్లించే వేశాను చూడండి రైటరుగారూ అని నాకు చూపించి వెళ్ళిపోయాడు.

ఇక నా వంతు. తిరుపతిరావు చదివి వినిపించబోతే, నాకు చదివి వినిపిస్తావా, ఊరందరికీ చదివిపెట్టేవాణ్ణి నేను అన్నాను. మూడో గడిలో ఎంత రాయాలో తేల్చడానికి నా వారం సంపాదన అడిగాడు. దస్తావేజు రైటరు తన సంపాదన కట్టుకున్న పెళ్ళానికే చెప్పడు, ఏజెంటుకి చెబుతాడా? మాట దాటేశాను. సరే, అది ఖాళీగా ఉంచుదాం, సాయంత్రం బస్సులోగా ఆలోచించి చెప్పండి, రాసుకుంటాను అని అతను టీ తాగడానికి వెళ్ళాడు.

కాగితం నా బల్ల మీద ఉంది. అందులో ఖాళీ జాగా ఉంది. నా చేతిలో కలం ఉంది. ఇంక చెప్పేదేముంది. మూడో గడికి అడ్డంగా చక్కని గీత, పక్కన వ.ప్ర. అని పొడి సంతకం. అంతా అయ్యాక మడత పెట్టి అతని చేతికిచ్చాను. అతను బస్సెక్కబోతూ విప్పి చూసి, ఇది వద్దనుకున్నారాండీ అని అడిగాడు కూడా. ఆ సమయంలో నేను ఒక కక్షిదారుతో బేరమాడుతున్నాను. అతనివైపు తిరక్కుండానే, నేను ఇచ్చానంటే అంతా పక్కాగా ఉంటుందయ్యా అన్నాను.

తర్వాత బీమా కాగితం పోస్టులో వచ్చింది. చదవకుండా సంతకం పెట్టకండి, చదవకుండా దాచకండి అని అందరికీ చెప్పే నేను, దాన్ని గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టాను. పుల్లయ్య కట్టినదానికంటే నేను కట్టింది తక్కువ. అది చూసి నేనేమనుకున్నానో తెలుసా? చదువుకున్నవాడి తెలివి అట్లా ఉంటుంది అనుకున్నాను. జయమణితో అన్నాను కూడా.

ఇక్కడ మా ఆడవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మా సంఘంలో ప్రతి ఇంట్లో వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారంనాడు ఆ డబ్బాలన్నీ చర్చికి పోతాయి. ఏ ఇంట్లో సంపాదించే మనిషి పడిపోతే ఆ ఇంటికి ఆ బియ్యం వెళతాయి. దాని పెత్తనం పుల్లయ్య భార్య ఆరోగ్యమ్మది. జయమణి పిడికెడు తీసినప్పుడల్లా నేను వెక్కిరించేవాణ్ణి. పిడికెడు బియ్యంతో ఎవరి ప్రాణం నిలుస్తుందే, మనకి బీమా ఉంది అనేవాణ్ణి. ఆమె నావైపు చూడకుండా తీసే పిడికెడు తీసేది.

మరుసటి ఏడు మాఘమాసంలో బావిలో రాయి జారి పుల్లయ్య కాలు విరిగింది. మొదటి రెండు వారాలు ఆరోగ్యమ్మ ఇంటికే బియ్యం వెళ్ళాయి. మూడోవారం పోస్టుమాన్ మనియార్డరు తెచ్చాడు. ఆ తర్వాత వారం వారం తెచ్చాడు. ఆరోగ్యమ్మ బియ్యం డబ్బా తిప్పి పంపేసి, మాకు వస్తన్నాయి, లేనోళ్ళకి ఇవ్వండి అన్నదట. ఆ మాట ఊరంతా పాకింది. అందరికన్నా ఎక్కువ పాకించింది నేను. చూశారా బీమా అంటే ఏమిటో, నాకూ ఉంది, అదే కంపెనీ, అదే రోజు రాసింది అని వసారాలో ఛాతీ విరుచుకుని తిరిగాను.

శ్రావణంలో జగ్గయ్యపేట నుంచి జగన్నాథరావుగారనే పెద్ద రైతు కబురు పెట్టారు. ముగ్గురు అన్నదమ్ముల పంపకాల దస్తావేజు. రెండు రోజుల పని, మంచి ముట్టజెప్పే చెయ్యి. ఇంట్లో వారానికి సరిపడా బియ్యమే ఉన్నాయి, పిల్లలిద్దరికీ బడి పుస్తకాలు కొనాలి. ఆ ఒక్క దస్తావేజుతో అన్నీ తీరతాయని లెక్కేసుకుని బయల్దేరాను. సంచి భుజాన, ప్రత్యేకంగా కలుపుకున్న నల్లసిరా బుడ్డి ఎడంచేతిలో. జగ్గయ్యపేటలో బస్సు పూర్తిగా ఆగకముందే దిగడం నాకో దర్జా. దిగాను. కాలు జారింది. పడేటప్పుడు మనిషన్నవాడు ఏం కాపాడుకుంటాడు? తల కాపాడుకుంటాడు, చెయ్యి కాపాడుకుంటాడు. నేను ఎడమచెయ్యి పైకెత్తి సిరాబుడ్డిని కాపాడాను. కుడిచెయ్యి నేలకి ఆనించాను. బుడ్డిలోంచి చుక్క తొణకలేదు. కుడి మణికట్టు విరిగింది.

జగన్నాథరావుగారు జాలిపడి, బండి కట్టించి ఇంటికి పంపారు. పంపకాలు మా పక్క రైటరు రాశాడు.

ఆసుపత్రిలో బద్దలు పెట్టి కట్టు కట్టి, ఆరు వారాలు కదపొద్దన్నారు. ఆ ఆదివారమే ఆరోగ్యమ్మ బియ్యం డబ్బాతో మా గుమ్మంలోకి వచ్చింది. నేను మంచం మీదినుంచే, మాకు వారం వారం వస్తాయమ్మా, లేనివాళ్ళకి ఇవ్వండి అని ఆమె మాటే ఆమెకి తిప్పికొట్టి పంపేశాను. జయమణి తలుపు దగ్గర నిలబడి నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు.

ఇక బీమా కంపెనీకి అర్జీ పెట్టాలి. ఎవరితోనైనా రాయించుకోవచ్చు. కాని నా పేరు మీద ఇంకొకడి కోడిగెలుకుడు రాత పోవడమా? పదిహేనో రోజున జయమణి నీళ్ళకి వెళ్ళినప్పుడు కట్టు విప్పుకున్నాను. పళ్ళు బిగబట్టి, కళ్ళనీళ్ళు కారుతుండగా, నాలుగు పేజీల అర్జీ నా గుండ్రటి రాతలో రాశాను. చివర ఖాళీ మిగిలితే గీత గీసి పొడి సంతకం పెట్టాను. ఆ సాయంత్రానికి చెయ్యి సొరకాయంత వాచింది. ఎముక పక్కకి జరిగి వంకరగా అతుక్కుంది. ఇక మీదట ఈ వేళ్ళు కలం బిగించి పట్టుకోలేవని డాక్టరుగారు చెప్పారు. ఆయన తప్పేమీ లేదు. ఆయన చెప్పిన ఆరు వారాలకి నేను రెండు వారాలిచ్చాను.

తిరుపతిరావు వచ్చాడు. నా అర్జీ అతని చేతిలో ఉంది. ఇంత చక్కగా రాసినవాడికి చెయ్యి పనిచెయ్యడం లేదంటే ఎవరు నమ్ముతారండీ అని ముందు నెమ్మదిగా అన్నాడు. నేను కోపంతో ఎగిరాను. అతను అసలు సంగతి అది కాదంటూ దరఖాస్తు నకలు తీసి నా ముందు పెట్టాడు. మూడో గడి. అడ్డంగా గీత. పక్కన వ.ప్ర.

"ఈ గీత మీదేనాండీ?" అని అడిగాడు.

నాదే. ఎవరిదో అని బుకాయించడానికి కూడా లేదు, అంత తిన్నటి గీత తాలూకాలో ఇంకెవరూ గీయలేరు. చెయ్యి తెగిపడి ఉంటే రెండో గడి కింద ఏదో వచ్చేది. చెయ్యి ఉంది, వేళ్ళు ఉన్నాయి, కలం పట్టుకోవు, అంతే. సరిగ్గా అలాంటి దెబ్బ కోసమే ఉన్న మూడో గడిని నేనే కొట్టేశాను. అదే రోజు, అదే వసారాలో, నా వెక్కిరింపులు భరిస్తూ పుల్లయ్య ఆ గడి గురించే గంటసేపు అడిగాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను వెళ్ళి కుడితితొట్టిలో పడిందట. ఆ బల్లి నాకన్నా నయం, అది తొట్టి మూత తనే తీసుకోలేదు.

తిరుపతిరావు వెళ్ళాక జయమణికి చెప్పాల్సి వచ్చింది. ఆమె తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. నేను సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకున్నాను. నలభై రెండేళ్ళ మనిషిని, పిల్లలు బడినుంచి వచ్చే వేళకి, ఏడ్చాను. ఇల్లు గడవదన్న భయం ఒకవైపు, ఇక ఆ వసారాలో నా బల్ల ముందు ఎవరూ కూర్చోరన్న దిగులు ఒకవైపు. రెండోదే ఎక్కువ బాధపెట్టిందని చెప్పుకోవడానికి ఇప్పుడు కూడా సిగ్గుగానే ఉంది.

తర్వాత మూడు వారాలు ఇంట్లో అన్నం వండుతూనే ఉంది జయమణి. బియ్యం ఎక్కడివని నేను అడగలేదు. అడక్కుండా తినడం కూడా ఒక తెలివే. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఆదివారం ఆరోగ్యమ్మొదిన దొడ్డిదోవన తెచ్చి ఇస్తంది. మీరు ముందు గుమ్మం నించి పంపేశారని ఎనకమాల నించి వస్తంది," అంది జయమణి. "మన డబ్బాలో పిడికెడు మాత్రం నేను ఆపలా," అంది.

వచ్చిన బియ్యంలోంచే పిడికెడు తీసి మళ్ళీ డబ్బాలో వేస్తోందన్నమాట. నేను కంచం ముందు తల దించుకున్నాను.

దసరా వెళ్ళిన వారంలో పుల్లయ్య కర్ర పోటేసుకుంటూ మా ఇంటికి వచ్చాడు. ముందు గుమ్మంలోంచే వచ్చాడు. అతని ఇంటి స్థలంలో సగం ఆరోగ్యమ్మ పేరున రాయాలట. కాలు విరిగి పడుకున్నప్పుడు ఆలోచన వచ్చిందట. నేను చెయ్యి చూపించి, వసారాలో ఎవరితోనైనా రాయించుకో అన్నాను. గొంతులో కాస్త కక్ష కూడా ఉందేమో.

అతను చాప మీద కూర్చుని, కర్ర పక్కన పెట్టి, "రాసేది చెయ్యేగా, చెప్పేది నువ్వేగా తమ్ముడూ. మా జయమణి చెల్లెమ్మ ఎనిమిదో తరగతి దాకా బోర్డింగులో చదివింది. నువ్వు చెప్పు, ఆమె రాస్తది," అన్నాడు.

రైటరుగారూ అనడం మానేసి తమ్ముడూ అన్నాడు. ఇరవై ఏళ్ళలో నన్ను ఎవరూ అట్లా కిందకి దించలేదు, అంత మర్యాదగా.

జయమణి చేతులు తుడుచుకుని వచ్చి నా బల్ల ముందు కూర్చుంది. జగ్గయ్యపేటలో నేను ప్రాణంగా కాపాడిన ఆ సిరాబుడ్డి మూత తీసింది. నేను ఎల్లలు చెప్పాను, తూర్పున ఎవరిది, పడమర ఎవరిది, దారి ఎటు. ఆమె రాసింది. రాత నాదంత గుండ్రంగా లేదు, కాని ఒక్క అక్షరం తప్పలేదు. మూడుసార్లు నేను తొందరపెడితే మూడుసార్లూ, ఆగండి, ఆయన్ని అడగనివ్వండి అంది. పుల్లయ్య అడిగాడు. స్థలం నేను ఇష్టపడే ఇస్తున్నట్టు రాశావా? రాసింది. తర్వాత నా అన్నదమ్ములు వచ్చి అడిగితే ఆమెకి ఇబ్బంది రాకుండా రాశావా? అది నేను మర్చిపోయాను. జయమణి చేర్చింది.

రాసినవారు అన్నచోట జయమణి తన పేరు పెట్టింది. సాక్షిగా నేను ఉండాలన్నాడు పుల్లయ్య. కుడిచేత్తో ప్రయత్నించాను. కలం జారి బల్ల మీద పడింది. ఎడంచేత్తో పెట్టబోతే గీత వంకరపోయింది. అప్పుడు పుల్లయ్య నా ఎడమ బొటనవేలు తన మొరటు చేతిలోకి తీసుకున్నాడు. సిరాకి అద్దాడు. కాగితం మీద పెట్టించాడు.

"వత్తమాక తమ్ముడూ," అన్నాడు మెల్లిగా. "దొర్లించు."

విసుగు లేదు, వెక్కిరింపు లేదు. నేను దొర్లించాను. మచ్చలేకుండా పడింది. నా సంతకం ఎన్నడూ అంత శుభ్రంగా పడలేదనిపించింది.

నా ముద్ర కింద కాగితం మీద నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ మిగిలింది. నా కుడిచెయ్యి, ఆ పనికిరాని చెయ్యి, అలవాటుగా దానివైపు కదిలింది. జయమణి అంతకుముందే కలం అందుకుంది. గీయబోయి ఆగింది.

"అన్నయ్యా, ఇక్కడ గీత గీసేయనా? ఇంకేమన్నా రాయాల్సింది ఉందా?" అని పుల్లయ్యని అడిగింది.

ఇరవై ఏళ్ళలో, కొన్ని వేల కాగితాల మీద గీతలు గీశాను. ఆ మాట ఎవర్నీ ఒక్కసారి కూడా అడగలేదు, నన్ను నేను కూడా అడగలేదు. అడిగి ఉంటే నా ఇంట్లోకి బియ్యం దొడ్డిదోవన వచ్చేవి కావు.

పుల్లయ్య ఆలోచించి, ముందు మొదట్నించీ ఒకసారి చదవమ్మా, అప్పుడు చెబుతా అన్నాడు. జయమణి మొదటినుంచీ చదవడం మొదలుపెట్టింది. నేను కూడా విన్నాను, మధ్యలో ఒక్క మాటకైనా అడ్డం వెళ్ళకుండా, చివరిదాకా.